మొదటి పిడికిలి ఎవరిది?



మన పల్లె ఇండ్లలోనికి డబ్బు ప్రతిదినము రాదు. అది వచ్చే దినములు కొన్నే ఉంటాయి. కూలికి వెళ్లేవారికి వారము కూలి ముట్టే సాయంత్రము. పింఛను అందుకునే ముసలివారికి నెలలో ఒకటవ తేదీ. పొగాకు వేసినవారికి వేలము ముగిసి బిల్లు బ్యాంకులో పడే దినము. మిరపకాయలు గుంటూరు యార్డుకు తోలినవారికి ఆ బస్తాలు అమ్ముడుపోయిన దినము. ఆ సాయంత్రము ఇంటిల్లిపాది ముఖములు వెలుగుతాయి. పిల్లలకు పకోడీల పొట్లము వస్తుంది. ఇల్లాలు పాత బాకీలన్నీ వ్రేళ్లమీద లెక్కపెట్టుకుంటుంది.

ఆ డబ్బు చేతిలో పడగానే మన మనస్సులో మొట్టమొదట ఏ తలంపు మెదులుతుంది? “ప్రభువా, నీవిచ్చావు” అనే తలంపా? “ఇంకొంచెము వస్తే బాగుండును” అనే తలంపా? చిన్న సంగతివలె కనబడుతుంది గాని, మన ఇంటికి యజమాని ఎవరో ఆ మొదటి తలంపే చెప్పివేస్తుంది.

కొండమీద ప్రసంగములో మన ప్రభువు ఇద్దరు యజమానుల సంగతి చెప్పాడు (మత్తయి 6:24). మన తెలుగు బైబిలులో ఆ రెండవ యజమాని పేరు ‘సిరి’. ప్రభువు ఇక్కడ ధనమును ఒక వస్తువని చెప్పలేదు, ఒక యజమాని అన్నాడు. ఆ మాట మన పల్లెవారికి ఇట్టే తెలుస్తుంది. ఒక పాలేరు ఒకే ఏడాదికి ఇద్దరు ఆసాముల దగ్గర జీతానికి కుదరలేడు. తెల్లవారి ఏ చావడికి వెళ్తాడు? ఎవరి ఎద్దులు విప్పుతాడు? ఒకరు పిలిచినప్పుడు రెండవవారికి కోపము రాక తప్పదు. దేవునికీ సిరికీ ఒకేసారి జీతగాడుగా ఉండటం అట్టిదే.

బీదవారికి ఈ వాక్యము దేనికి?

ఈ మాట చెప్పినప్పుడెల్లా మా సంఘములో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: “అయ్యగారూ, ఇది డబ్బున్నోళ్లకు చెప్పాల్సిన వాక్యం. మా దగ్గర ఏముందని మాకు చెబుతున్నారు?”

ఇది న్యాయమైన ప్రశ్నే. అయితే అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన మాట మరల ఒకసారి చదవండి (1 తిమోతి 6:9,10). అక్కడ ఉరిలో పడతారని పౌలు చెప్పింది ధనము కలిగినవారిని గూర్చి కాదు, ధనవంతులు కాగోరే వారిని గూర్చి. పెట్టెలో ఎంత ఉన్నదని ఆయన అడగలేదు, హృదయము దేని వెంట పరుగెత్తుతున్నదని అడిగాడు. ఆ పరుగు పది ఎకరాల ఆసామిలో ఉండవచ్చు, సెంటు భూమి లేని కూలివానిలోనూ ఉండవచ్చు. ధనవంతులకు చెప్పవలసిన మాటలు ఆ అధ్యాయములోనే వేరుగా చెప్పాడు (17 నుండి 19 వచనములు). కాబట్టి 9వ వచనము మనందరిదీ.

ఆ పత్రిక అందుకున్నప్పుడు తిమోతి ఎఫెసులో ఉన్నాడు. ఎఫెసు గొప్ప వర్తక పట్టణము. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఆ పట్టణములోనే జరిగిన రెండు సంగతులు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. మొదటిది: మాంత్రిక విద్య చేసినవారు కొందరు ప్రభువును నమ్ముకొని, తమ పుస్తకములన్నీ తెచ్చి అందరి యెదుట కాల్చివేశారు. వాటి వెల కడితే 50,000 వెండి నాణెములు. ఆ కాలములో ఒక కూలివానికి దినమంతా పని చేస్తే ఒక వెండి నాణెము ముట్టేది. ఏడాదికి 300 దినములు పని దొరికినా, ఆ సొమ్ము సంపాదించడానికి ఒక మనిషికి 160 ఏండ్లకు పైగా పడుతుంది! వారు వాటిని అమ్ముకొని ఉండవచ్చు గదా? కొనేవారు ఆ పట్టణములో కావలసినంతమంది ఉన్నారు. “అమ్మగా వచ్చిన డబ్బు సంఘానికిద్దాము” అని కూడ అనుకొని ఉండవచ్చు. కాని ఆలాగు చేయలేదు. తమకు కీడు చేసినది మరియొకరి యింటికి పోకూడదని కాల్చివేశారు.

రెండవది: దేమేత్రియ అనే కంసాలి అర్తెమిదేవికి వెండి గుళ్లు చేయించి అమ్మేవాడు. సువార్తవలన తన వ్యాపారము పడిపోతున్నదని అతడు తోటి పనివారిని కూడగట్టి పట్టణమంతా అల్లరి లేపాడు. అతని మాటలు జాగ్రత్తగా గమనించండి. ముందు వచ్చినది లాభము సంగతి. దేవత ఘనత సంగతి ఆ తరువాతనే వచ్చినది. భక్తి పేరుతో కేక వేసినా, లోపల కదిలినది డబ్బు సంచియే. ఒకే పట్టణము, ఒకే సువార్త. ఒక గుంపు దేవుని కొరకు డబ్బును పోగొట్టుకున్నది, మరియొక గుంపు డబ్బు కొరకు దేవుని మాటను త్రోసివేసినది.

మా గుమ్మములోనికి వచ్చిన పరీక్ష

ఈ పరీక్ష ఎఫెసుతో ఆగిపోలేదు. మా పల్లెకూ వచ్చింది. మేము ఒంగోలు ప్రాంతములో ఒక చిన్న సంఘములో పరిచర్య చేస్తున్నాము. సంఘములో ఎక్కువమంది పొగాకు కొట్టేవారు, మిరపకాయలు కోసేవారు, బేల్దారి పనికి వెళ్లేవారు. మా ప్రార్థనామందిరము సిమెంటు రేకుల షెడ్డు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు ఆ గాలికి మా మందిరము రేకులు సగము ఎగిరిపోయాయి. ఆ మీదట పరదా పట్ట కట్టుకొని దాని క్రిందనే ఆరాధించుకున్నాము. వాన వస్తే పిల్లలను మధ్యకు జరుపుకొని పాటలు పాడేవారము.

మరుసటి వేసవిలో మా పెద్దమ్మాయి ఇంటరు పూర్తిచేసింది. నర్సింగు చదవాలని దాని కోరిక. ఫీజు మా శక్తికి మించినది. ఆ దినములలోనే టౌనునుండి ఒక మనిషి మా యింటికి వచ్చాడు. మంచి దుస్తులు, మృదువైన మాట. మొదట ప్రార్థన చేయమన్నాడు. తరువాత సంచిలోనుండి రంగురంగుల కాగితములు తీశాడు. వారి కంపెనీలో లక్ష రూపాయలు కడితే నెలనెలా ఆరు వేలు ఇస్తారట. మరికొందరిని చేర్పిస్తే ఆ పైన కమీషను.

“అయ్యగారూ, మీరు ఒక్క రూపాయి కూడ కట్టనక్కరలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్క పది నిమిషాలు మాట్లాడనివ్వండి చాలు. మీ వాళ్లు కట్టినదాంట్లో నూటికి ఎనిమిది రూపాయలు మీకు వస్తాయి. మందిరానికి రేకులు మేమే వేయిస్తాం” అన్నాడు.

ఆ రాత్రి మేమిద్దరము చాలాసేపు మేలుకొనే ఉన్నాము. ఎదురుగా గోడకు అమ్మాయి హాల్‌టికెట్టు ఇంకా అంటించే ఉన్నది. రెండు అవసరములూ నిజమైనవే. మందిరము దేవునిది, అమ్మాయి చదువు న్యాయమైనది. అడిగేవాడు దొంగతనము చేయమనలేదు. పది నిమిషాలే అడిగాడు.

అప్పుడు మా ఇంటావిడ ఒక మాట అన్నది: “ఏమండీ, వాళ్లు కంపెనీని చూసి డబ్బు కట్టరు, మిమ్మల్ని చూసి కడతారు. ఆ నమ్మకం మనం సంపాదించుకున్నది కాదు, వాక్యాన్నిబట్టి వచ్చింది. దాన్ని నూటికి ఎనిమిది రూపాయలకు అమ్మే హక్కు మనకెక్కడిది?”

అంతటితో మాట తేలిపోయినది. అపొస్తలుడైన పేతురు మందను కాయువారికి చెప్పిన హెచ్చరిక (1 పేతురు 5:2) ఆ రాత్రి మాకు ఒక స్త్రీ నోట వినబడినది. ఉదయాన్నే ఆ మనిషికి ఫోను చేసి, “మా మందిరములో దీనికి చోటు లేదు బాబూ” అని చెప్పాము. ఆదివారము సంఘముతో కూడ ఉన్నదున్నట్టు చెప్పాము.

దాని ఫలితము వెంటనే తీయగా లేదు. అమ్మాయి, “నాన్నా, ఒక సంవత్సరం ఆగుతాను, పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటాను” అన్నది. తన తోటివారు కాలేజీ బస్సు ఎక్కుతుంటే అది గుమ్మములో నిలిచి చూచిన ఉదయములు మాకు తెలుసు. మరొక వానకాలము మేమంతా పట్ట క్రిందనే ఆరాధించాము. సంఘములో ఒక కుటుంబము మామీద అలిగింది. “మాకు నాలుగు రూపాయలు వచ్చే దారి అయ్యగారే మూశారు” అన్నారు. వారు నేటికీ మా మందిరమునకు రావడము లేదు. వారికొరకు ప్రార్థిస్తూనే ఉన్నాము.

2025 సంక్రాంతి దాటిన తరువాత ఆ కంపెనీ ఆఫీసుకు తాళము పడింది. చుట్టుప్రక్కల ఊళ్లలో చాలమంది పొదుపు సొమ్ము పోయింది. అప్పుడు కొందరు, “అయ్యగారికి దేవుడు ముందే చూపించాడు” అన్నారు. కాదు, ప్రియులారా. మాకు ఏ దర్శనమూ కలుగలేదు. ఆ కంపెనీ మునగకుండా నిలిచి, కట్టినవారందరికీ నెలనెలా ఆరు వేలు వస్తూ ఉన్నా, మా మాట అదే అయి ఉండేది. నష్టము వస్తుందని భయపడి వదలుకొనడము తెలివి. లాభము వచ్చేలా ఉన్నప్పుడు కూడ ప్రభువు కొరకు వదలుకొనడమే భక్తి. ఈ రెండింటినీ మనము కలిపివేయకూడదు.

ఆ తెలివి కూడ మనకు అవసరమే గనుక రెండు మాటలు చెబుతాము. మనుష్యులను చేర్పించినకొలది డబ్బు అని చెప్పే గొలుసు స్కీములను మన దేశములో 1978లోనే చట్టము చేసి నిషేధించారు. అనుమతి లేకుండ డిపాజిట్లు పోగుచేయడాన్ని అరికట్టడానికి 2019లో మరియొక చట్టము వచ్చినది. రిజిస్టరు చేసిన చిట్టీ సంగతి వేరు, దానికి 1982 చట్టమున్నది. గొలుసు స్కీములో పంట లేదు, సరుకు లేదు. క్రొత్తగా చేరినవాని సొమ్మునే పాతవానికి వడ్డీగా ఇస్తారు. చేరేవారు తగ్గిన దినమున అది కూలుతుంది. చివర చేరేది ఎప్పుడూ బీదవాడే. ముందు చేరినవాడు లాభము పొందినా, అది చివరివాని కన్నీటి సొమ్మే.

గుండ్లకమ్మ ఒడ్డున

డబ్బుకంటె దేవుని ముందు ఉంచుటను గూర్చి ఆలోచించినప్పుడెల్లా మా ప్రాంతపు చరిత్ర ఒకటి మాకు జ్ఞాపకము వస్తుంది. పెద్దలకు తెలిసినదే అయినా పిల్లలకు చెప్పవలసి యున్నది.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు వచ్చినది. అప్పుడు ఒంగోలులో బాప్టిస్టు మిషనరీగా జాన్ ఎవరెట్ క్లౌ గారు ఉండేవారు. దేశాంతరము రాకముందు ఆయన భూములు కొలిచే సర్వే పని నేర్చినవారు. కరవు సహాయముగా ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తుంటే, ఆయన మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి అక్కడ పని కల్పించారు. ఆయన బోధకులే మేస్త్రీలుగా నిలిచారు. పనిచేసేవారు విశ్రమించిన వేళ వారితో కూర్చొని ప్రభువును గూర్చి మాట్లాడేవారు.

అనేకులు బాప్తిస్మము అడిగారు. ఇక్కడ క్లౌ గారు చేసినదే మనము గమనించవలసినది. ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. ఆయన చేతిలో కూలి డబ్బు ఉన్నంతకాలము ఎవరు ప్రభువు కొరకు వస్తున్నారో, ఎవరు అన్నము కొరకు వస్తున్నారో తెలియదు గనుక. అన్నము అందరికీ పెట్టారు గాని, దానికి బదులుగా విశ్వాసమును పుచ్చుకొనలేదు. సంఖ్య పెంచుకొని స్వదేశములోని సంఘములకు గొప్పగా వ్రాసుకొనుటకు అది మంచి అవకాశమే. అయినా ఆయన దానిని ముట్టలేదు.

కరవు పని ముగిసినది. ఇక ఇచ్చుటకు కూలి లేదు, ధాన్యము లేదు. అయినా జనులు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చే చెయ్యి ఖాళీ అయిన తరువాత వచ్చిన జనము వారు. వారిలో అత్యధికులు సమాజములో అట్టడుగున ఉంచబడిన బీదలు. ‘రూపాయి క్రైస్తవులు’ అని మన పెద్దలను ఎవరైన ఎగతాళి చేస్తే, మన పిల్లలు సిగ్గుపడక ఈ సంగతి చెప్పవచ్చును.

‘దేవుడే ముందు’ అంటే ఏది కాదు?

ఈ మాటను అపార్థము చేసుకొనేవారూ ఉన్నారు, కావాలని వంకర త్రిప్పేవారూ ఉన్నారు. కాబట్టి స్పష్టముగా చెప్పవలసినది మూడు సంగతులు.

మొదటిది, దేవుని ముందు ఉంచడమంటే కానుక పెట్టెను అందరికంటె ముందు నింపడము మాత్రమే కాదు. శనివారము కూలివారికి డబ్బు ఎగవేసి, ఆదివారము ఐదు వందల నోటు పెట్టెలో వేసినవాడు దేవుని ఘనపరచలేదు. కూలివాని కూలి తెల్లవారేవరకు నీయొద్ద ఉంచుకొనవద్దని ధర్మశాస్త్రము ఆజ్ఞాపిస్తున్నది (లేవీయకాండము 19:13). బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబు వ్రాశాడు (యాకోబు 5:4). ముసలి తల్లిదండ్రులకు మందులు కొనకుండ, ఆ డబ్బు దేవునికి అర్పించామని చెప్పుకొనేవారిని ప్రభువే గద్దించాడు (మార్కు 7:10-13). కోడలి తండ్రిచేత పొలము అమ్మించి కట్నము తీసుకొని, అందులోనుండి మందిరానికి ఫ్యాను కొనియిచ్చిన సంగతులు మనము ఎరుగమా? కట్నము 1961 నుండి చట్టమునకు విరుద్ధము. దేవుని న్యాయమునకు అంతకు ముందునుండే విరుద్ధము.

రెండవది, ఇది వ్యాపారము కాదు. “వెయ్యి విత్తండి, లక్ష కోయండి” అని ఈ దినములలో టీవీలోను, ఫోనులోను అనేకులు బోధిస్తున్నారు. ఇది దైవభక్తి వేషము వేసుకున్న ధనాపేక్షయే. దైవభక్తిని లాభము తెచ్చే దారిగా ఎంచేవారిని గూర్చి పౌలు హెచ్చరించినది ఈ అధ్యాయములోనే (1 తిమోతి 6:5). లక్ష వస్తుందని వెయ్యి ఇచ్చేవాడు దేవునికి ఇవ్వలేదు, వడ్డీకి త్రిప్పాడు. ఇటువంటి మాటలు విని అప్పు చేసి కానుక పంపిన తల్లులను మేము ఎరుగుదుము. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే సంవత్సరము తిరిగేసరికి నూటికి ముప్పదియారు. అమ్మా, అప్పు తెచ్చి ఇవ్వమని దేవుడు మిమ్మును అడగలేదు. కలిగినదానినిబట్టియే ఆయన అంగీకరిస్తాడు గాని, లేనిదానినిబట్టి కాదు (2 కొరింథీయులకు 8:12).

మూడవది, సంపాదించడము పాపము కాదు. పిల్లలను చదివించుట, బోరు వేయించుట, మంచి ధర అడుగుట, న్యాయమైన కూలికొరకు నిలువబడుట, ఇవేవీ ధనాపేక్ష కావు. జాన్ వెస్లీ గారు తన ప్రసంగమొకదానిలో ఆక్స్‌ఫర్డులోని ఒక యువకుని సంగతి చెప్పారు. అది వెస్లీ గారి సొంత సంగతే అని చాలమంది ఎంచుతారు. ఆ యువకునికి మొదటి సంవత్సరము రాబడి 30 పౌన్లు. 28 పౌన్లతో జీవించి 2 పౌన్లు బీదలకిచ్చాడు. మరుసటి సంవత్సరము 60 పౌన్లు వస్తే అదే 28 పౌన్లతో జీవించి 32 ఇచ్చాడు. తరువాత 90 వచ్చినా, 120 వచ్చినా తన ఖర్చు 28 దాటనివ్వలేదు. రాబడి పెరిగింది, దానితో కూడ చెయ్యి తెరచుకొన్నది. అవసరము మాత్రము పెరుగలేదు. మనలో అనేకులకు రాబడి పెరిగిన నెలలోనే అవసరము కూడ పెరుగుతుంది. పాత ఫోను బాగానే పనిచేస్తున్నా క్రొత్తది అవసరమైపోతుంది. ప్రక్కింటివారి పెండ్లి భోజనములో ఎన్ని రకములు పెట్టారో అన్నియు మనకు అవసరమైపోతాయి. అక్కడ జాగ్రత్త కావాలి.

పిడికెడు బియ్యము

మరి ఈ భక్తిని ఇంటిలో అభ్యాసము చేయుట ఎట్లు? మన తల్లులు మనకు ఎప్పుడో నేర్పిన దారి ఒకటి ఉన్నది. పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యము కొలిచినప్పుడు, కడుగకముందే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడము. మన తెలుగు సంఘములలోనే గాక ఇతర చోట్లను ఈ అలవాటు ఉన్నది. మిజోరాములోని ప్రెస్బిటేరియను సంఘములో ఇది 1910లో మొదలైనది. మిజో భాషలో దానిని ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారు. ఆ కొండప్రాంతపు స్త్రీలు తీసిపెట్టిన పిడికెడు బియ్యముతో ఆ సంఘము ఎందరో సువార్తికులను పంపినది, నేటికీ పంపుతున్నది. ధనవంతులైన దాతలు ఆ పనికి పునాది కాలేదు, వంట చేసే చేతులే దానికి పునాది.

ఈ అలవాటులోని మర్మము ఏమంటే, ఆ పిడికెడు ముందు తీస్తాము. అందరూ తిన్న తరువాత మిగిలిన అన్నములోనుండి తీయము. సారెపతు విధవరాలు కూడ అంతే చేసినది. పిండి అయిపోవచ్చినది, కుమారుడు ఆకలితో ఉన్నాడు, అయినా మొదటి రొట్టె ప్రవక్తకు చేసిపెట్టినది (1 రాజులు 17:13-15). ముందు తీసినది విశ్వాసము. మిగిలితే ఇచ్చేది దయ మాత్రమే.

మా సంఘములో ఒక అవ్వ ఉన్నది. ఒంటరి మనిషి. ఒక పూటే వండుకుంటుంది. ఆమె పిడికిలి చాల చిన్నది, వ్రేళ్లు వంకరపోయాయి. ఒకసారి మా ఇంటావిడ, “అవ్వా, నువ్వే ఒకరి చేతి సాయంతో బతుకుతున్నావు, నీకెందుకమ్మా ఇది?” అన్నది. దానికి ఆమె, “అమ్మగారూ, తీసుకునేదాన్నే అయితే నేను బిచ్చగత్తెను. నేనూ పెడితే సంఘంలో మనిషిని” అన్నది. ఇచ్చుటవలన బీదవారు ఇంకా బీదలవుతారని లోకము లెక్క కడుతుంది. ఆ అవ్వకు ఆ లెక్క తెలియదు. ఆమెను సిరి తన జీతగత్తెగా చేసుకోలేకపోయింది.

ఇప్పుడు మా సంఘములో ఇరవై ఇండ్లలో ఈ కుండ ఉన్నది. నెలాఖరుకు పోగైన బియ్యము విధవరాండ్రకు, పనికి పోలేని రోగులకు వెళ్తుంది. మందిరము రేకులకైతే ప్రతి కుటుంబము నెలకు ఒక దినము కూలి తీసిపెట్టినది. బేల్దారి పని తెలిసినవారు డబ్బుకు బదులు పనియే ఇచ్చారు. 2025 ఈస్టరు నాటికి కప్పు పూర్తి అయినది. మా అమ్మాయి కూడ ఆ సంవత్సరమే నర్సింగులో చేరినది. సగము ఫీజు దాని ట్యూషన్ డబ్బులే. ఇది మేము విడిచినదానికి దేవుడు కట్టిన వడ్డీ అని మేము అనము. ఆ కప్పు క్రింద కూర్చుండినప్పుడు మా మనస్సు మమ్మును గద్దించదు. అది చాలును.

కాబట్టి ప్రియ పాఠకులారా, మరల మీ యింటికి డబ్బు వచ్చే దినమున మూడు పనులు చేయండి. చేతిలో పడగానే ఇంటివారందరినీ పిలిచి ఒక్క నిమిషము దేవునికి స్తోత్రము చెల్లించండి. రెండవది, ఆయనకని తీయదలచినది, కొంచెమే కానివ్వండి, అప్పుడే తీసి వేరుగా పెట్టండి. మూడవది, ఆ డబ్బులో మరియొకరి కూలి గాని, మరియొకరి కన్నీరు గాని ఉన్నదేమో చూచుకొనండి. ఉంటే సూర్యుడు అస్తమించకముందే ఇచ్చివేయండి. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన దినమున జరిగినది ఇదే గదా (లూకా 19:8,9).

ఈ మూడు పనులు మీ పిల్లలు చూస్తూ ఉండగా చేయండి. మనము వారికి ఎకరాలు వ్రాసి ఇవ్వలేకపోవచ్చును. మన ఇంటిలో ఎవరు యజమాని అనే సంగతి మాత్రము వారు మన చేతులను చూచే నేర్చుకుంటారు.

సంతుష్టితో కూడిన భక్తిని ప్రభువు మన ఇండ్లన్నిటికీ అనుగ్రహించునుగాక. ఆమేన్.